గ్రూపులో 43 దండాలు వచ్చాయి, ఫోన్ ఒక్కటీ రాలేదు | సంఘంలో ప్రార్థన ఎందుకు?

  

పోయిన వారం ఒక చెల్లి నాకు మెసేజ్ పెట్టింది. "అన్నా, నేను రోజూ ఇంట్లో ప్రార్థన చేసుకుంటాను. మరి శుక్రవారం చర్చికి వెళ్ళి అందరితో కలిసి మళ్ళీ ఎందుకు చేయాలి? దేవుడు ఇంట్లో చేస్తే వినడా?" అని. చాలా మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే కొన్నాళ్ళ క్రితం వరకు నాకూ ఇదే డౌట్ ఉండేది. వింటాడు చెల్లీ, ఇంట్లో చేసినా వింటాడు. గది తలుపు వేసుకుని ప్రార్థన చేయమని యేసుప్రభువే చెప్పాడు. అందులో సందేహం లేదు. కానీ కలిసి చేసే ప్రార్థన ఎందుకో నాకు అర్థమైంది ఒక తప్పు చేశాకే. ఈ రోజు ఆ తప్పు గురించి చెబుతాను. ఇందులో ఒక తమ్ముడు ఉన్నాడు. అతన్ని అడిగి, సరే అన్నాకే చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను.

నేను మా సంఘంలో కీబోర్డ్ వాయిస్తాను. యూత్ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ కూడా నేనే. గ్రూపులో నూటికి పైగా ఉంటారు. ఒకరోజు రాత్రి పన్నెండున్నర దాటాక ఈ తమ్ముడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "నా కోసం ప్రార్థన చేయండి. చాలా కష్టంగా ఉంది." అంతే. ఇంకేం రాయలేదు.

నేను అప్పటికి పడుకోలేదు. క్రికెట్ హైలైట్స్ చూస్తున్నా. మెసేజ్ చూశాను. దండం ఎమోజీ పెట్టాను. మళ్ళీ హైలైట్స్ చూసుకున్నాను.

ప్రార్థన చేశానా? చేయలేదు. ఎమోజీ పెట్టగానే ఆ పని అయిపోయినట్టు అనిపించింది. మీకూ అలా జరిగే ఉంటుంది. "తప్పకుండా ప్రేయర్ చేస్తాను బ్రదర్" అని టైప్ చేస్తాం, ఫోన్ పక్కన పెడతాం, అంతటితో మర్చిపోతాం.

తెల్లారేసరికి ఆ మెసేజ్ కింద 43 దండాలు ఉన్నాయి. ఈ లెక్క నాకు తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో కూడా చెబుతాను.

ఆ ఆదివారం తమ్ముడు చర్చికి రాలేదు. మా దగ్గర పాటల స్లైడ్స్ వేసేది అతనే. ఆ రోజు ఇంకో అబ్బాయిని ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టాను. తర్వాతి ఆదివారం కూడా రాలేదు. అప్పుడూ అంతే. స్లైడ్స్ ఆగలేదు కాబట్టి మనిషి లేడన్న సంగతే నాకు పట్టలేదు.

ఇప్పుడు మా శుక్రవారం ఉపవాస ప్రార్థన గురించి చెప్పాలి. దాన్ని మేం యూత్ "ఆంటీల మీటింగ్" అనేవాళ్ళం. ఏడెనిమిది మంది అమ్మలు, ఇద్దరు ముసలాయనలు, ఒక పెద్ద చాప. మైక్ ఉండదు, కీబోర్డ్ ఉండదు, లైవ్ కూడా ఉండదు. వాళ్ళ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. సంఘంలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ అందులో రాసుకున్నారు. ఎవరికి జబ్బు, ఎవరికి పెళ్ళి కుదరలేదు, ఎవరు పరీక్షలు రాస్తున్నారు, అన్నీ ఉంటాయి. ఒకామె చదువుతుంటే మిగతావాళ్ళు ఒక్కొక్క పేరు ఎత్తి ప్రార్థన చేస్తారు.

ఆ శుక్రవారం ఈ తమ్ముడి పేరు వచ్చింది. పక్కన "బ్యాంకు పరీక్ష" అని రాసి ఉందట. అందులో ఒక పెద్దావిడ ఉంది, మేమంతా పెద్దమ్మ అని పిలుస్తాం. ఆమె ఆగి, "ఈ పిల్లాడు రెండు వారాలుగా కనబడలేదు కదా, ఎవరన్నా చూశారా?" అని అడిగింది. ఎవరూ చూడలేదు. "మనిషి ఎక్కడున్నాడో తెలీకుండా ఏమని ప్రార్థన చేద్దాం?" అందట ఆమె.

ప్రార్థన అయిపోయాక ఇంకొకామెను తోడు తీసుకుని, ఆటో ఎక్కి అతని రూముకి వెళ్ళింది. తమ్ముడి అమ్మానాన్నలు పల్లెటూళ్ళో ఉంటారు. ఇక్కడ అతనొక్కడే రూము తీసుకుని చదువుకుంటున్నాడు. తలుపు కొడితే తీయలేదు. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుంది. "నేనిక్కడే ఉంటా నాన్నా, నాకేం తొందర లేదు" అంది. అరగంట తర్వాత తలుపు తీశాడు.

విషయం ఏంటంటే, కోచింగ్ ఫీజు కోసం ఒక లోన్ యాప్‌లో చిన్న మొత్తం తీసుకున్నాడు. అది కట్టడానికి ఇంకో యాప్, దాన్ని కట్టడానికి మరొకటి. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ వాళ్ళ చేతికి వెళ్ళిపోయాయి. బూతులు తిడుతూ ఫోన్లు. ఇతని ఫోటోని పాడు ఫోటోగా మార్చి, బంధువులకు పంపుతామని బెదిరింపులు. గ్రూపులో మెసేజ్ పెట్టిన రాత్రి, మొదటిసారి ఆ ఫోటో అతనికే పంపారు. ఆ రాత్రి అతని మనసులో ఏ ఆలోచన ఉందో నేను ఇక్కడ వివరంగా చెప్పను. మీకు అర్థమవుతుంది.

పెద్దమ్మకు యాప్ అంటే ఏంటో తెలీదు. అప్పు అంటే తెలుసు. సిగ్గు అంటే తెలుసు. "ఇంతేనా నాన్నా, దీనికి నువ్వు ఒక్కడివే కూర్చుని ఏడవాలా?" అని తల మీద చెయ్యి పెట్టి, అక్కడే గట్టిగా ప్రార్థన చేసింది. తర్వాత పాస్టర్ గారికి ఫోన్ చేయించింది. సాయంత్రానికి మా సంఘంలో బ్యాంకులో పనిచేసే ఒక అన్న వచ్చాడు. సైబర్ క్రైమ్ వాళ్ళ 1930 నంబరుకి ఫోన్ చేశారు, కంప్లైంట్ రాయించారు. అమ్మానాన్నలకు నెమ్మదిగా చెప్పారు. వారం రోజులు రాత్రిపూట ఎవరో ఒకరు అతనితో పడుకున్నారు. అన్నీ ఒక్కరోజులో సర్దుకోలేదు. ఫోన్లు తగ్గడానికి టైమ్ పట్టింది. కానీ ఆ తమ్ముడు ఈ రోజు ఉన్నాడు. ఉద్యోగం చేసుకుంటున్నాడు.

కొన్ని నెలల తర్వాత ఇద్దరం టీ తాగుతున్నాం. అప్పుడు చెప్పాడు. "అన్నా, ఆ రాత్రి 43 దండాలు వచ్చాయి. ఎవరన్నా ఫోన్ చేస్తారేమో అని తెల్లారేదాకా ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నా. నీ దండం నాలుగోది."

అతను కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. నాకు టీ గొంతు దిగలేదు.

ఫ్రెండ్స్, ఆ మాట తర్వాత నేను బైబిల్‌లో గెత్సేమనే తోట భాగాన్ని మళ్ళీ చదివాను. చిన్నప్పటి నుంచి గుడ్ ఫ్రైడేకి వింటూనే ఉన్నాం. కానీ ఒక సంగతి నేను గమనించలేదు. ఆ రాత్రి యేసుప్రభువు ఒంటరిగా ప్రార్థన చేసుకోవచ్చు. ఆయనకు తండ్రితో ఎంత దగ్గరి సంబంధం! అయినా పేతురును, యాకోబును, యోహానును వెంట తీసుకెళ్ళాడు. తన ప్రాణం ఎంత దుఃఖంలో ఉందో వాళ్ళకు దాచకుండా చెప్పాడు. నాతో పాటు మెలకువగా ఉండండి అని అడిగాడు. వాళ్ళేం చేశారు? నిద్రపోయారు. ఆయన వచ్చి చూశాడు, నిద్ర. మళ్ళీ వచ్చాడు, నిద్ర. మూడోసారి కూడా అంతే.

దేవుని కుమారుడే తోడు అడిగాడంటే, నాకు తోడు అక్కర్లేదు, నేనొక్కణ్ణే ఇంట్లో చేసుకుంటాను అని నేను ఎలా అనగలను? చెల్లీ, నీ ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇదే. నువ్వు చర్చికి వెళ్ళేది నీ ప్రార్థన దేవుడికి వినబడటం కోసం కాదు. పక్కనవాళ్ళ ప్రార్థన నీకు వినబడటం కోసం. ఇంట్లో కూర్చుంటే నా అవసరాలు మాత్రమే నాకు గుర్తొస్తాయి. చాప మీద కూర్చుంటే పక్కనామె ఏడుపు వినబడుతుంది.

ఇప్పుడు మీలో కొందరికి ఇంకో ప్రశ్న వస్తుంది. "అన్నా, అంతమంది కలిసి ప్రార్థన చేస్తే అన్నీ జరుగుతాయా?" దీనికి నేను అబద్ధం చెప్పను. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీయండి. హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు. తర్వాత పేతురును పట్టుకుని జైల్లో వేయించాడు. సంఘం అతని కోసం ఆగకుండా ప్రార్థన చేసింది. దేవదూత వచ్చి పేతురును బయటికి తెచ్చాడు. మనం ఎప్పుడూ పేతురు సంగతే చెప్పుకుంటాం. కానీ అదే అధ్యాయంలో, మొదట్లోనే, యాకోబు చనిపోయాడు. అతని కోసం సంఘం ప్రార్థన చేయకుండా ఉంటుందా? నేనైతే చేసే ఉంటుందనుకుంటాను. ఒకరు బతికారు, ఒకరు పోయారు. ఎందుకో బైబిల్ అక్కడ చెప్పలేదు. నేను కూడా చెప్పలేను. మీ అమ్మ కోసం ప్రార్థన చేసినా అమ్మ పోయి ఉండొచ్చు. మీ విశ్వాసం చాలక అలా జరిగిందని ఎవరన్నా అంటే నమ్మకండి. ఆ మాట అన్నవాళ్ళను యాకోబు గురించి అడగండి.

కానీ ఆ అధ్యాయంలో నాకు ఆశ్చర్యం అనిపించేది ఏంటంటే, యాకోబు పోయాక కూడా ఆ సంఘం మళ్ళీ మోకరించింది. దెబ్బ తిన్నవాళ్ళు మళ్ళీ కూడుకున్నారు. మార్కు అనే యోహాను వాళ్ళ అమ్మ మరియ, ఆమె ఇంట్లో చాలామంది చేరారు. రాత్రిపూట, తలుపులు వేసుకుని.

ఇంకో నవ్వొచ్చే విషయం కూడా ఉంది. పేతురు విడుదలై వచ్చి తలుపు కొట్టాడు. రొదే అనే పనిపిల్ల వచ్చి గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం మర్చిపోయి లోపలికి పరిగెత్తింది. పేతురు వచ్చాడని చెబితే లోపల ప్రార్థన చేస్తున్నవాళ్ళే నమ్మలేదు. నీకు పిచ్చి పట్టిందా అన్నారు! అంటే వాళ్ళ విశ్వాసం అంత పెద్దదేం కాదు. మనలాంటి వాళ్ళే. దేవుడు ఆ కొంచెం విశ్వాసంతో చేసిన ప్రార్థననే విన్నాడు. ఒకరి విశ్వాసం చాలని రోజు పక్కనవాళ్ళ విశ్వాసం మీద ఆనుకోవచ్చు. కూడిక ఉన్నది అందుకే.

ఇదంతా ఎక్కడో యెరూషలేములో జరిగింది అనుకుంటారేమో. మా ఒంగోలు సంగతి చెబుతాను. మా ఊళ్ళో ఒక కొండ ఉంది, ప్రార్థన కొండ అంటారు. చిన్నప్పుడు అక్కడికి పిక్నిక్‌లా వెళ్ళేవాళ్ళం. దాని కథ పెద్దయ్యాకే తెలిసింది.

1854 జనవరి 1. ఇంకా తెల్లవారలేదు. ఐదుగురు మనుషులు ఆ కొండ ఎక్కారు. లైమన్ జ్యూయెట్ అనే అమెరికన్ మిషనరీ, ఆయన భార్య, నెల్లూరు సంఘం నుంచి వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అని ఇద్దరు స్త్రీలు, నర్సు అనే విశ్వాసి ఒకరు. అప్పటి పరిస్థితి ఎలా ఉందో వినండి. నెల్లూరులో ఏళ్ళ తరబడి కష్టపడినా సంఘంలో చేరినవాళ్ళు చాలా తక్కువ. అంతకు ముందటి సంవత్సరం, 1853లో, అమెరికాలో ఆ మిషన్ పెద్దలు తెలుగు పనిని మూసేద్దామా అని కూర్చుని చర్చించారు. అలాంటి రోజుల్లో ఈ ఐదుగురు కొండ మీద మోకరించి, ఒకరి తర్వాత ఒకరు, కింద కనబడే ఒంగోలు కోసం ప్రార్థన చేశారు.

మరి తెల్లారి ఏం జరిగింది? ఏమీ జరగలేదు. మరుసటి సంవత్సరం? అప్పుడూ ఏమీ లేదు. క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. అంటే పన్నెండేళ్ళు గడిచాయి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, ఎనిమిది మందితో. ఆ తర్వాత 1876 నుంచి 78 వరకు ఘోరమైన కరువు. ఆ కరువు అయ్యాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అయితే ఒక మాట. ఐదుగురు ప్రార్థన చేశారు, 2,222 మంది వచ్చేశారు అని లెక్క చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు. మధ్యలో చాలా ఉంది. తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య గారు అనే మాదిగ పెద్ద ఉన్నారు. తోలు పని, తోలు వ్యాపారం చేసుకునే మనిషి. తాను నమ్మినదాన్ని కాలినడకన పల్లె పల్లెకూ తిరిగి తనవాళ్ళకు చెప్పింది ఆయనే. కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ దొర కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చారు. అన్నం కోసం మతంలో చేరారని మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. అంటే ప్రార్థన చేసినవాళ్ళు నడిచారు, తవ్వారు, ఆగాల్సినచోట ఆగారు. మా పెద్దమ్మ ప్రార్థన చేసి ఆటో ఎక్కినట్టే.

ఆ ఐదుగురిలో జూలియా గారు, రూతు గారు నాకు ఎక్కువ గుర్తొస్తారు. ఆ రోజుల్లో ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు, తమది కాని ఊరి కోసం చలిలో కొండ ఎక్కారు. మా ఊరి గురించి మేం పుట్టకముందే వాళ్ళు దేవుడితో మాట్లాడారు. మేం "ఆంటీల మీటింగ్" అని నవ్వుకున్నది వాళ్ళ వారసుల్నే.

సరే, ఇప్పుడు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది. ఎవరైనా ప్రార్థన చేయమని అడిగితే, ఎమోజీ పెట్టే ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నిజంగా చేయండి. పేరు పెట్టి చేయండి. తర్వాత "ఇప్పుడే చేశాను, నీకు ఫోన్ చేయనా?" అని రాయండి. అర్ధరాత్రి వచ్చిన మెసేజ్ అయితే అడగకండి, నేరుగా ఫోన్ చేయండి. ఎత్తకపోతే వాళ్ళ దగ్గర్లో ఉన్నవాళ్ళకు చేయండి.

రెండోది. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఫోన్‌లో నోట్స్ అయినా పరవాలేదు. మీ సంఘంలో ఐదుగురి పేర్లు రాసుకోండి. రోజూ ఆ ఐదుగురి కోసం ప్రార్థన చేయండి. ఒక నెల అయ్యాక చూడండి, వాళ్ళలో ఎవరు ఆదివారం రాకపోయినా మీ కళ్ళు వెతుకుతాయి. నాకు అలాగే అయింది.

మూడోది చాలా ముఖ్యం. ప్రార్థన అంశం పేరుతో ఒకరి సంగతి పదిమందికి మోయకండి. "ఫలానా అమ్మాయి కోసం ప్రార్థించండి, ఇంట్లో ఇలా జరిగిందట" అని గ్రూపులో పెట్టడం ప్రార్థన కాదు, చాడీ. మా పెద్దమ్మ లోన్ సంగతి ఆ నోట్‌బుక్‌లో కూడా రాయించలేదు. ఈ రోజుకీ అతని పేరు పక్కన "బ్యాంకు పరీక్ష" అనే ఉంది. ప్రార్థన చేసేవాళ్ళ దగ్గర రహస్యం ఆగదంటే, ఇంకోసారి ఎవరూ నోరు విప్పరు.

నాలుగోది. ప్రార్థన చేస్తున్నాం కదా అని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానొద్దు, పోలీసులకు చెప్పడం మానొద్దు. ఆన్‌లైన్ మోసం, బెదిరింపు అయితే 1930. మనసు బాగా కుంగిపోయి, చనిపోవాలనిపిస్తుంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులేం తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్ళలో ఒకరికైనా ఈ నంబరు అవసరం ఉండొచ్చు. సిగ్గుపడకండి. దేవుడు మనుషుల చేతుల ద్వారా కూడా జవాబిస్తాడు.

ఇప్పుడు నేను శుక్రవారం వెళ్తున్నాను. ప్రతి వారం కుదరదు, ఉన్నమాటే చెబుతున్నాను. వెళ్ళిన రోజు చాప చివర కూర్చుంటాను. మొదటిరోజు వెళ్ళినప్పుడు పెద్దమ్మ నన్ను చూసి, "వచ్చావా నాన్నా" అంది. అంతే, ఇంకేం అడగలేదు. నోట్‌బుక్ చదువుతుంటే నా పేరు వచ్చింది. పేజీ పాతది, ఇంకు వెలిసిపోయి ఉంది. ఎప్పుడు రాశారని అడిగితే, "నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు" అన్నారు. నేను వాళ్ళను చూసి నవ్విన ఇన్నేళ్ళూ వాళ్ళు వారం వారం నా పేరు చదువుతూనే ఉన్నారు.

చెల్లీ, నీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే. ఒక్క శుక్రవారం వెళ్ళి చూడు. నీ పేరు కూడా అక్కడ ఉండే ఉంటుంది.

కళ్ళు మూసుకుందాం, చిన్న ప్రార్థన చేద్దాం. తండ్రీ, నిన్ను పేరు పెట్టి పిలిచే ముందు మా పక్కనవాళ్ళ పేర్లు మాకు గుర్తు చెయ్యి. ఈ రాత్రి ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్న తమ్ముడు, చెల్లి ఎవరన్నా ఉంటే వాళ్ళ తలుపు దగ్గరికి మమ్మల్ని పంపించు. నిద్రపోయినందుకు మమ్మల్ని క్షమించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమెన్.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతలోపు ఒకరికి ఫోన్ చేయండి.